గల్లా పెట్టె దగ్గర అడిగే ప్రశ్నే మీ తర్వాతి పోస్టు: వ్యాపార బ్లాగులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్నా చితకా వ్యాపారాలకు బ్లాగులు రాయడం, వాళ్ల చేత రాయించడం నా వృత్తి. రాణిగంజ్‌లో పంపులు అమ్మేవాళ్లు, బాలానగర్‌లో విడిభాగాలు తయారుచేసేవాళ్లు, కూకట్‌పల్లిలో పళ్ల డాక్టర్లు, ఇలా చాలామందితో కూర్చుని పనిచేశాను. వ్యాపారం ఏదైనా, మొదటి రోజు వినిపించే మాటలు దాదాపు ఒకటే. వాటిని నమ్మి ఏడాది పాటు డబ్బు పోసి, చివరికి బ్లాగు మూసేసుకున్నవాళ్లను చూశాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: రోజుకో పోస్టు పెడితేనే గూగుల్ మనల్ని పట్టించుకుంటుంది.

వాస్తవం: లెక్క కోసం రాసిన పోస్టులు సైటుకే చేటు. సరుకు లేని పేజీలను కిందికి నెట్టే పని గూగుల్ 2011లో పాండా అనే మార్పుతోనే మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో, చదివేవాళ్ల కోసం కాక ర్యాంకు (గూగుల్ ఫలితాల్లో పై స్థానం) కోసమే రాసిన పేజీలపై మరో మార్పు తెచ్చింది. 2024 మార్చిలో ఇంకా గట్టి నియమం పెట్టింది: ర్యాంకుల కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు తయారుచేస్తే, యంత్రం రాసినా మనిషి రాసినా అది స్పామే. నా దగ్గరికి వచ్చిన ఒక కంపెనీకి అంతకుముందు ఏజెన్సీ నెలకు ముప్పై పోస్టులు రాసి ఇచ్చేది. అన్నీ చదివాను. ఆ కంపెనీ అమ్మే యంత్రాన్ని ఒక్కసారైనా ముట్టుకున్న మనిషి రాసినట్టు ఒక్కటీ లేదు. చాలావాటిని తీసేసి, మిగిలినవాటిని కలిపి, పదిహేను రోజులకొకటి రాయడం మొదలుపెట్టాం. అంతకంటే వేగం ఆ యజమాని వల్ల కాదు, అవసరమూ లేదు. నెలకు రెండే అనుకుంటే రెండే, కానీ ఆ రెండూ తప్పకూడదు.

అపోహ: మా వ్యాపారంలో రాయడానికి ఏముంటుంది?

వాస్తవం: నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. జవాబు మీ కౌంటరు దగ్గరే ఉంటుంది. బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్లు బిగించే ఒక సంస్థ యజమాని నాతో ఈ మాటే అన్నాడు. రెండు రోజులు వాళ్ల ఆఫీసులో ఫోన్లు ఎత్తే అమ్మాయి పక్కన కూర్చున్నాను. "మా అపార్ట్‌మెంట్ నీళ్లలో టీడీఎస్ 900 ఉంది, తాగొచ్చా?", "నల్లాల మీద తెల్లగా పేరుకుంటోంది, పోవాలంటే ఏం చేయాలి?", "సాఫ్ట్‌నర్ పెట్టించాం, అయినా టీడీఎస్ తగ్గలేదు, మోసం చేశారా?" అని వరసగా అడుగుతున్నారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క.

ఈ మూడో ప్రశ్న బంగారం. సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. అందుకే తెల్లపొర పేరుకోదు, సబ్బు బాగా నురుగొస్తుంది. కానీ నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి టీడీఎస్ మీటరు అంకె మారదు. అది తగ్గాలంటే ఆర్వో ఫిల్టరు కావాలి. ఇది టెక్నీషియన్లందరికీ తెలుసు, కస్టమర్లకు ఎవరూ చెప్పలేదు. అదే పోస్టుగా రాశాం. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదని, వేరే నీరు దొరకని చోట 2000 వరకు అనుమతిస్తారని, నీళ్ల గట్టిదనానికి (కాల్షియం, మెగ్నీషియంల లెక్క) ఈ అంకెలు 200, 600 అని కూడా అందులో చెప్పాం. అమ్మకం మాట ఒక్కటీ లేదు. ఇప్పటికీ ఆ అమ్మాయి ఎవరైనా అదే అడిగితే ఆ లింకు పంపుతుంది.

మాటల విషయంలో మేము మొదట ఒక తప్పు చేశాం. పాఠ్యపుస్తకంలోలా "కఠిన జలం" అని రాశాం. జనం ఏ మాటలతో వెతికితే మన సైటు కనిపిస్తోందో చూపే గూగుల్ సర్చ్ కన్సోల్ తెరిస్తే, జనం వెతుకుతున్నది "ఉప్పు నీళ్లు", "బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతోంది" అని. శీర్షికలు మార్చాం. మీ కస్టమరు నోటి మాటే మీ శీర్షిక కావాలి.

అపోహ: సైటులో తెలుగు పేజీ ఉంది కదా, తెలుగువాళ్లు దొరికేస్తారు.

వాస్తవం: ఆ తెలుగు ఏ రూపంలో ఉందో ముందు చూడండి. మన ఊళ్లో కరపత్రాలు, బ్యానర్లు ఏళ్లుగా అను ఫాంట్లతో డీటీపీ చేయిస్తున్నాం. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గుర్తుల మీద తెలుగు బొమ్మలు తొడుగుతాయి. కంటికి తెలుగే, కంప్యూటరు దృష్టిలో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు. కరపత్రం ఫైలు నుంచి కాపీ చేసి సైటులో పెడితే గూగుల్‌కు దొరికేది ఆ చెత్తే. అన్ని భాషలకూ పనికొచ్చే యూనికోడ్ అనే అక్షర పద్ధతిలో తెలుగుకు ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, అందుకే వెతికితే దొరుకుతుంది. తెలుగు బ్లాగర్లకు ఇది కొత్త సంగతి కాదు. లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి, తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన కూడలిలో ఒకరి రాతలు ఒకరు చదువుకున్న తరం యూనికోడ్ మీదే పెరిగింది. వ్యాపారాలకే ఇంకా చేరలేదు.

పోస్టరు బొమ్మలోనే మొత్తం సమాచారం పెట్టడం కూడా ఇలాంటి తప్పే. ధరలు, టైమింగులు, చిరునామా బొమ్మ పక్కన అక్షరాల్లో కూడా ఉండాలి. పాత కరపత్రాలను మళ్లీ టైపు చేయించాల్సి వస్తే చేయించండి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి. కాకపోతే మార్చాక ఒత్తులు ఒక మనిషి సరిచూడాలి.

అపోహ: రెండు వేల మాటలుంటేనే ర్యాంకు వస్తుంది.

వాస్తవం: తమకు నచ్చిన మాటల సంఖ్య అంటూ ఏదీ లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. ప్రశ్నకు జవాబు మూడు వందల మాటల్లో అయిపోతే అక్కడ ఆపండి.

అపోహ: పేజీ వెనక కీవర్డుల (జనం వెతికే మాటల) ట్యాగు నింపాలి, వేరే సైట్ల నుంచి మన సైటుకు లింకులు కొనాలి.

వాస్తవం: ఆ ట్యాగును ర్యాంకుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇక లింకులు కొనడం దాని నియమాలకు విరుద్ధం. ఈ రెండింటికీ ఎవరైనా బిల్లు వేస్తుంటే ఆ డబ్బు ఒక మంచి ఫొటోగ్రాఫరుకు ఇవ్వండి.

అపోహ: పాత పోస్టుల తేదీ మారిస్తే కొత్తవైపోతాయి.

వాస్తవం: విషయం మార్చకుండా తేదీ మార్చడం చదివేవాళ్లను మోసగించడమే. మార్చాల్సింది లోపలి సమాచారం. ఇంటి పైకప్పు సోలార్ సబ్సిడీనే ఉదాహరణగా తీసుకోండి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయలు అయింది. అంతకుముందు రాసిన పోస్టును అలాగే వదిలేసిన డీలరు దగ్గరికి కస్టమరు పాత లెక్కతో వస్తాడు, బేరం మొదట్లోనే నమ్మకం పోతుంది. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. 28 అని రాసిన పేజీలు ఈ నగరంలోనే ఎన్ని మిగిలాయో! మూడు నెలలకోసారి ఒక పూట కేటాయించి, ధరలు, పన్నులు, నియమాలున్న పోస్టులన్నీ తిరగేయండి.

అపోహ: రాసి పెడితే చాలు, జనం వాళ్లే వస్తారు.

వాస్తవం: మొదటి ఏడాది రారు. మీరే తీసుకెళ్లి చేతిలో పెట్టాలి. రిపేరుకు వెళ్లిన మెకానిక్ తన ఫోన్ నుంచి లింకు పంపాలి, బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాడొచ్చు కానీ ఒక లిస్టులో 256 మందే, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే బిగింపు పూర్తయిన రోజే నంబరు సేవ్ చేసుకోమని అడగండి. పంపేముందు అనుమతి కూడా అడగండి. వీడియోలు, రీల్స్ చేయండి, నేను వద్దనను. కానీ 2020 జూన్‌లో టిక్‌టాక్‌పై నిషేధం వచ్చినప్పుడు, అక్కడే దుకాణం తెరిచినవాళ్ల ప్రేక్షకులంతా రాత్రికి రాత్రి పోయారు. సొంత డొమైన్ (మీ పేరున ఉన్న వెబ్ చిరునామా) మీద ఉన్న రాత అలా పోదు.

అపోహ: వ్యూస్ పెరిగితే బ్లాగు పెరిగినట్టే.

వాస్తవం: కూకట్‌పల్లి పళ్ల డాక్టరు పేజీని వేరే రాష్ట్రంలో వేలమంది చదివినా కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ రారు. నిజాంపేట నుంచి, మియాపూర్ నుంచి వెతికినవాళ్లు యాభై మంది చాలు. సర్చ్ కన్సోల్ ఉచితం, పదహారు నెలల లెక్క చూపిస్తుంది. ఈ జులై నెలను పోయిన జులైతో పోల్చండి, ఏప్రిల్‌తో కాదు. ఎండాకాలం వ్యాపారానికి వర్షాకాలంతో పోలిక కుదరదు.

ఇంకొకటి, నేను పనిచేసే ప్రతిచోటా చేయించేది. ఫోను ఎత్తేవాళ్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టిస్తాను. "మీ సైటులో చదివాం" అన్న ప్రతిసారీ ఎడమ పేజీలో ఒక గీత, ఏ పోస్టో దాని పక్కన. సైటులో జవాబు లేని ప్రశ్న ఎవరైనా అడిగితే అది కుడి పేజీలో, వాళ్లు అడిగిన మాటల్లోనే. సోమవారం ఉదయం నేను వెళ్లగానే ముందు తెరిచేది ఆ కుడి పేజీ.