బెత్తం సంగతి

ఆమదాలవలస

చిట్టికి, బుజ్జిగాడికి, మీ నేస్తాలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"బెత్తం పోయింది, దాంతో చదువూ పోయింది" అని అరుగు మీద పెద్దవాళ్లు అంటుంటే విని, నిజమేనా తాతయ్యా అని అడిగావు కదా చిట్టీ. నిజం కాదమ్మా.

మా నాన్నగారు ఇక్కడి వీధిబడిలోనే చదివారు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో పంతులుగారు 'శ్రీ' రాసేవారట. రెండోవాడికి చుక్క. మూడోవాడి నుంచి దెబ్బలు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ అక్కడి బడుల గురించి రాసిన నివేదికలోనూ ఇలాంటిదే ఉంది: మూడోవాడికి ఒకటి, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోవడమే. పశువులకు గడ్డి వేసి ఇరవయ్యోవాడిగా వచ్చినవాడికి పద్దెనిమిది దెబ్బలన్నమాట! చదవనివాణ్ని రెండు చేతులూ కట్టి పైకప్పుకి వేలాడదీసేవారనీ రాశాడు. మనవాళ్లు దాన్ని కోదండం అనేవారు.

మా రోజులకి కోదండం పోయింది, పేము బెత్తం మిగిలింది. "చెయ్యి చాపు" అనగానే వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. ముడిస్తే దెబ్బ కణుపుల మీద పడేది. ఆ తర్వాత చేతులు చంకల్లో దోపుకుని కూర్చునేవాళ్లం, బలపం పట్టుకుందామంటే వేళ్లు వంగేవి కావు. ఎక్కం తప్పినందుకు కొట్టేవారే గాని, ఆ ఎక్కం మళ్లీ నేర్పేవారు కాదు. ఇంట్లో చెప్పుకుందామా అంటే, "కళ్లు రెండూ ఉంచి చర్మం ఒలిచెయ్యండి మాస్టారూ" అని అప్పజెప్పింది వాళ్లే.

తెల్లదొరల కాలంలో కోర్టులు కూడా ఈ శిక్ష వేసేవి. దానికోసం 1864లో చట్టం చేశారు. అయితే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే నేరాల విచారణ చట్టం ప్రకారం 30 దెబ్బలు మించకూడదు, 16 ఏళ్లలోపు వాళ్లకైతే 15. ఆడవాళ్లను కొట్టనే కూడదు. బడిలో ఆపాటి లెక్క కూడా లేదు. 1955లో మన పార్లమెంటు కోర్టు దెబ్బలు రద్దు చేసింది. దొంగతనం చేసినవాడు బతికిపోయాడు, ఎక్కం తప్పిన పిల్లాడికి మాత్రం దెబ్బలు తప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

మన రాష్ట్రంలో 2002లో బడి దెబ్బల్ని నిషేధించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధిస్తుంది.

కాబట్టి ఎవరైనా చెయ్యి చేసుకుంటే దాచుకోకండి, టెన్షన్ పడకండి. ముందు అమ్మకో నాన్నకో చెప్పండి. వాళ్లు వినకపోతే పిల్లల సాయం కోసం ఉన్న నంబరు 1098కి ఫోన్ చెయ్యండి, డబ్బులేమీ పడవు. నాకు చెప్పినా సరే, మర్నాడే మీ బడికి వచ్చి హెడ్మాస్టరు గారితో మాట్లాడతాను.

మీ తాతయ్య