డబ్బాకు అంటిన ఎరుపు

టమాటా పులుసు పోసిన ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా తెల్లబడదు. అడుగున నారింజ రంగు మరక మొండిగా ఉండిపోతుంది. మా ఇంట్లో సబ్బు మార్చాం, పీచు మార్చాం, లాభం లేదు. చివరికి మా అత్త చూసి, "ముందు రెండు చుక్కలు చెనిక్కాయల నూనె రుద్దు, తర్వాత సబ్బు పెట్టు" అంది. అలాగే చేస్తే గుడ్డకు రంగంతా వచ్చేసింది.

ఆ మరకలో పసుపు వాటా కొంత ఉన్నా, ఎరుపు మాత్రం లైకోపీన్‌ది, అంటే టమాటాకు ఎర్ర రంగునిచ్చే పదార్థానిది. దానికి నీళ్లంటే గిట్టదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. ప్లాస్టిక్ కూడా ఒకరకంగా నూనె స్వభావం ఉన్నదే కాబట్టి దాంట్లోకి దూరి కూర్చుంటుంది. లైకోపీన్ రాబట్టడానికి మా అత్త చేసిన పనే ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్ద ట్యాంకుల్లో చేస్తారు. అక్కడ డబ్బా బదులు టమాటా తొక్కలుంటాయి.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట... పాత చిత్తూరు జిల్లాలో ఈ పేర్లు చెబితే టమాటా గుర్తుకు రాని వాళ్లుండరు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దాకా పోయింది. ఇంకో ఏడాది కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. కొంత సరుకు గుజ్జు, సాస్ తయారీకి వెళ్తుంది. అక్కడ ఉడికించి జల్లెడ పడితే తొక్కలు, గింజలు మిగులుతాయి. వంద కిలోల పండ్లకు ఇది మూడు నుంచి అయిదు కిలోలు. వినడానికి తక్కువే, కానీ రోజుకు వంద టన్నులు ఆడించే చోట మూడు నుంచి అయిదు టన్నుల చెత్త.

మనం పారేసేది తొక్క. మొక్కకు మాత్రం అది కోట గోడ. ఎండ, పురుగు, బూజు అన్నీ ముందు దాన్నే తాకుతాయి కాబట్టి కాపుగాసే రసాయనాలను చాలా మొక్కలు అక్కడే పోగేసుకుంటాయి. టమాటా కండలో కంటే తొక్కలో లైకోపీన్ ఎక్కువ, కొన్ని కొలతల్లో అయిదు రెట్ల దాకా తేలింది. ఉల్లిగడ్డ ఎండు పొరల్లో క్వెర్సెటిన్ అనే రసాయనం ఉన్నదీ ఇందుకే. అయితే తొక్కలో ఉన్నవన్నీ మంచివేనని మురిసిపోవద్దు. పచ్చబారిన ఆలుగడ్డ తొక్కలో సొలనిన్ అనే విషం కూడా ఇదే కాపలా పని చేస్తుంది.

లైకోపీన్ అణువు 40 కార్బన్‌ల పొడవాటి గొలుసు. అందులో 11 జంట బంధాలు ఒకటి విడిచి ఒకటిగా వరసగా ఉంటాయి. ఆ వరసే నీలం, ఆకుపచ్చ వెలుగును మింగేసి మన కంటికి ఎరుపును మిగులుస్తుంది. కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్‌ను చల్లార్చేదీ ఆ వరసే. ఉడికించని టమాటా పండులో ఇది కణాల లోపల స్ఫటికాలుగా బిగుసుకుని ఉంటుంది. 1997లో వెలువడిన ఓ జర్మనీ పరిశోధనలో తాజా టమాటాను, ఉడికించి చేసిన టమాటా పేస్ట్‌ను తినిపించి పోల్చి చూశారు. నూనె రెండింటికీ సమానమే. పేస్ట్ తిన్నాక రక్తంలో లైకోపీన్ అత్యధిక స్థాయి రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. నూనెలో మగ్గబెట్టిన మన టమాటా ఊరిబిండిని తక్కువగా చూడకండి.

అలాగని లైకోపీన్ మాత్రల సీసాల మీద రాసిందంతా నమ్మక్కర్లేదు. క్యాన్సర్ ముప్పును లైకోపీన్ తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2005లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. ఆహారానికి రంగుగా వాడటం మాత్రం మామూలే, ఆ రంగుకు ఈ160డి అనే నంబరు కూడా ఉంది.

మరి ఇంత చెత్తలోంచి లైకోపీన్ అంతా ఎందుకు తీయడం లేదు? నన్నడిగితే అసలు చిక్కు రసాయన శాస్త్రంలో లేదు, తడిలో ఉంది. తడి తొక్కలు సాయంత్రం కుప్ప పోస్తే తెల్లారేసరికి పులిసి వాసన కొడతాయి. ఆరబెట్టాలంటే కరెంటో కట్టెలో కావాలి. ఊరికే వచ్చే ఎండలో వేస్తే మనం కోరుకున్న రంగే పాడవుతుంది. పైగా పురుగుమందు చల్లింది తొక్క మీదే కాబట్టి, లైకోపీన్‌తో పాటు అదీ చిక్కబడలేదని పరీక్ష చేసి చూసుకోవాలి.

తీసే పద్ధతుల్లో నాకు నచ్చింది బొగ్గుపులుసు వాయువుతో (కార్బన్ డయాక్సైడ్) చేసేది. 31 డిగ్రీలు దాటించి, వాతావరణ పీడనానికి 73 రెట్లకు పైగా ఒత్తితే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. లైకోపీన్ కోసం ఇంకా చాలా ఎక్కువే ఒత్తాలి. తర్వాత ఒత్తిడి వదిలితే వాయువు ఎగిరిపోయి సరుకు మిగులుతుంది. 31 డిగ్రీలంటే మే నెల తిరుపతిలో ఉదయం ఎనిమిదింటికే దాటే వేడి. ఖర్చంతా ఆ ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పాత్రలకే.

మామిడి సంగతీ ఇంతే. తోతాపురి గుజ్జు తీశాక మిగిలే తొక్కలో పెక్టిన్ ఉంది, జామ్‌ను గట్టిపరిచేది అదే. టెంకలోని జీడి కొవ్వును చాక్లెట్లలో కోకో వెన్నకు తోడుగా కొంత వాడటానికి యూరప్ ఒప్పుకుంది.

పోయిన వేసవిలో నేనూ ఓ గుప్పెడు టమాటా తోళ్లు మిద్దె మీద ఆరేశాను, మరో గుప్పెడు ఇంట్లో ఫ్యాన్ కింద. నాలుగు రోజులకు మిద్దె మీదవి ఎండుగడ్డిలా పాలిపోయాయి. ఫ్యాన్ కిందవి ఎర్రగానే ఉన్నాయి. వాటిని నలిపి గోరువెచ్చని చెనిక్కాయల నూనెలో వేస్తే, గంటలో గిన్నె మొత్తం మా డబ్బా అడుగు రంగులోకి తిరిగింది.