డ్రాయింగ్ మాస్టారి వృత్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొమ్మలు అమ్ముడుపోని వాళ్లే పాఠాలు చెప్పుకుని బతుకుతారు.

ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో, ఆ తర్వాత శాంతినికేతన్‌లో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 2012లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఆయన దగ్గర చదువుకుని వచ్చి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ అనే కళల విభాగంలో పాఠాలు చెప్పారు. వీళ్లలో ఎవరి కుంచె ఆగిందని? నెలజీతం చేతిలో ఉంటే, కొనేవాళ్ల అభిరుచికి తలొగ్గకుండా మనకు తోచిన బొమ్మ వేసుకోవచ్చు. నేను పాఠాలు చెప్పడానికి అదొక కారణం.

అపోహ: మాస్టారి చెయ్యే శిష్యులకూ వస్తుంది.

చిత్రకారుడు తోట వైకుంఠం కూడా సుబ్రమణ్యన్ శిష్యుడే. వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలతో నిండుగా కనిపించే తెలంగాణ ఆడవాళ్లు. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో (లోహపు రేకు మీద గీసి, ఆమ్లంతో గీతలు లోతు చేసి, అచ్చు వేసే బొమ్మల్లో) సన్నటి గీతలు, మేకలు, చెట్లు, పల్లె మనుషులు. గురువు ఒక్కరే అయినా ఎవరి దారి వారిది.

అపోహ: బొమ్మలు వేయడం పుట్టుకతో రావాలి.

ఎక్కువ మందిని ఆపేసేది ఇదే. కొత్తగా చేరినవాళ్ల ముందు బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి గీయమంటాను. పై అంచు కోడిగుడ్డు ఆకారంలో బాగానే గీస్తారు. అడుగు మాత్రం స్కేలు పెట్టినట్టు అడ్డగీత. గ్లాసు బల్లకు ఆని ఉందని మనసుకు తెలుసు కాబట్టి కంటికి కనిపించేదాన్ని పక్కకు నెట్టేస్తారు. నిజానికి పై నుంచి చూస్తున్నప్పుడు అడుగు అంచు, పై అంచు కన్నా ఇంకాస్త గుండ్రంగా తిరుగుతుంది. కళ్లు సగం మూసి చూడమంటాను. చిన్నచిన్న వివరాలు కరిగిపోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. చూడటం నేర్చుకుంటే గీత దానంతటదే దారిలో పడుతుంది. యాభై దాటాక మొదలుపెట్టినవాళ్లూ నేర్చుకున్నారు. ఇష్టం కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ ఉంటుంది, కాదనను. కానీ ‘మా అబ్బాయికి చెయ్యి లేదు’ అని మొదటి నెలలోనే తేల్చేయకండి.

అపోహ: ఫొటోలా ఉంటేనే గొప్ప బొమ్మ.

కాదు. అదొక నైపుణ్యం, అంతే.

అపోహ: బొమ్మ లక్షకు అమ్ముడైతే లక్షా చిత్రకారుడివే.

గ్యాలరీ వాటా సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. కాన్వాసు, రంగులు, ఫ్రేము, రవాణా ఖర్చులు వేరే. ఇక కాలం సంగతి. నూనె రంగులో ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది. కింది పొర పలచగా, పై పొరలో నూనె ఎక్కువగా ఉండాలి. ఈ వరస తప్పితే కొన్నాళ్లకు రంగు పగుళ్లిస్తుంది. తొందరపడి పూర్తిచేసే పని కాదు. కొనేముందు ఆ బొమ్మకు ఎన్నాళ్లు పట్టిందో అడగండి, ఏ చిత్రకారుడైనా సంతోషంగా చెబుతాడు.