గాయాల బొమ్మల తగవు: మలుపు తిరిగింది బరోడాలో

చీల్చిన ఒళ్లు, తెరుచుకున్న పుండ్లు, వేలాడే మాంసం గీసిన బొమ్మలను ప్రదర్శనలో ఉంచాలా, దించేయాలా అన్న తగవు వరంగల్‌లో మళ్లీ రాజుకుంది. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రాల మీది గొడవలు, ఆయన దేశం విడిచి వెళ్లడం అందరికీ తెలిసినవే. ఇప్పటి తగవు అర్థం కావాలంటే మాత్రం 2007 మే 9న బరోడాలో జరిగింది చూడాలి. ఆ రోజు అరెస్టయిన విద్యార్థి వరంగల్ జిల్లాకు చెందినవారే.

శ్రీలమంతుల చంద్రమోహన్ అప్పుడు మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ప్రింట్‌మేకింగ్ (అచ్చు చిత్రకళ) చివరి ఏడాది చదువుతున్నారు. అధ్యాపకులు చూసి మార్కులు వేయడానికి తన చిత్రాలను పెట్టారు. ఒకదానిలో శిలువ. దానికి ఇరువైపులా అరచేతులు, కింద పాదాలు విడివిడిగా వేలాడుతుంటాయి. శరీరం నుంచి కారే ద్రవం కింద పెట్టిన నిజమైన కమోడ్‌లో పడుతున్నట్లు చూపారు. మరో చిత్రంలో అమ్మవారిని తలపించే స్త్రీ ప్రసవిస్తోంది. చూసినవారికి కడుపులో తిప్పుతుంది, నిజమే. శరీరాన్ని పవిత్రం, అపవిత్రం అని విడదీయకుండా చూపాలనుకున్న చిత్రం కంటికి ఇంపుగా ఎలా ఉంటుంది?

మత మనోభావాలు దెబ్బతిన్నాయంటూ ఒక బృందం లోపలికి వచ్చింది. వారిలో హిందూ సంస్థల వారితో పాటు క్రైస్తవులూ ఉన్నారు. పోలీసులు విద్యార్థిని అక్కడే అరెస్టు చేశారు. బెయిలు దొరికేసరికి అయిదు రోజులు పట్టింది. చొరబడిన వారి మీద విశ్వవిద్యాలయం ఫిర్యాదే చేయలేదు. విద్యార్థి పక్షాన నిలిచింది డీన్ బాధ్యతల్లో ఉన్న శివాజీ పణిక్కర్. మే 11న విద్యార్థులు భారతీయ శిల్పంలోని శృంగార మూర్తుల ఛాయాచిత్రాలతో నిరసన ప్రదర్శన పెట్టారు. దాన్ని మూసేయమంటే ఆయన ఒప్పుకోలేదు. అందుకు ఆయనను సస్పెండ్ చేశారు.

అసలు మలుపు ఇదే. పరీక్ష కోసం పెట్టిన పని మీద తీర్పు చెప్పే హక్కు గురువుల చేతుల్లోంచి గుంపు చేతుల్లోకి పోయింది. ఆ మార్పుకు సంస్థే దారి వదిలింది.

ఇలాంటి బొమ్మలు మన సంస్కృతి కావన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఓరుగల్లు వీధులను వర్ణించిన పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో మైలారదేవుడి వీరభక్తులు కణకణమండే నిప్పుల్లోకి దూకుతారు, చర్మానికి గాలం గుచ్చుకుని ఉయ్యాల ఊగుతారు. ఆ మైలారుణ్ణే ఐనవోలు మల్లన్నగా నేటికీ కొలుస్తున్నాం. తండ్రి ఆజ్ఞ మీద కొడుకు తల్లి తల నరికిన రేణుక ఎల్లమ్మ కథను బైండ్లవారు ఊరి నడుమ పాడితే పిల్లలు సైతం కూర్చుని విన్నారు. అది భక్తి, ఇది వేరు అంటారు. వేరే కావచ్చు. కానీ తెగిన ఒంటిని చూపడమే పరాయిదన్న వాదన ఈ నేల మీద నిలవదు.

చట్టం దగ్గరా తికమక ఉంది. పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్ అశ్లీలం గురించి. దాని కిందికి రావాలంటే కామాన్ని రెచ్చగొట్టాలి, జుగుప్స కలిగిస్తే చాలదు. అందుకే ఇటువంటి గొడవల్లో తరచూ మత మనోభావాలను గాయపరచడం గురించిన 295ఎ సెక్షన్ ముందుకొస్తుంది. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 299. మతాన్ని కించపరచాలన్న దురుద్దేశం, అదీ బుద్ధిపూర్వకంగా ఉంటేనే అది వర్తిస్తుంది. మనసు నొచ్చుకున్నంత మాత్రాన నేరం కాదు.

చంద్రమోహన్ ఫలితం ఏళ్ల తరబడి తేలలేదు. 2018 ఫిబ్రవరిలో ఆయన ఉపకులపతి కార్యాలయానికి నిప్పు పెట్టారన్న ఆరోపణపై మళ్లీ అరెస్టయ్యారు. నిప్పు పెట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే ఒక విద్యార్థి చదువును అన్నేళ్లు గాలిలో వేలాడదీసిన వారిని ఎవరూ జవాబు అడగలేదు. వరంగల్‌లో బొమ్మలు దించమంటున్నవారు ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని నిర్వాహకులు ముందే కోరాలి. అది చేతికి వచ్చేదాకా ఒక్క బొమ్మనూ కదపకూడదు.