పాత మియాటా అలైన్‌మెంట్: అపోహలు - వాస్తవాలు

1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5ని అమెరికాలో అందరూ మియాటా అనే అంటారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మా షాపుకొచ్చే పాత స్పోర్ట్స్ కార్లలో ఇదే ఎక్కువ. ఓనర్లు వస్తూనే రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. తరచూ వినేవి ఇవి.

అపోహ: అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, ముందు చక్రాలకే.

వాస్తవం: ఈ బండికి నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు పట్టుకుంటాయి. వెనక కూడా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగిన తీరు) రెండూ మార్చుకోవచ్చు. అక్కడ కుడి ఎడమల టో తేడాగా ఉంటే, బండి తిన్నగా పోవాలన్నా స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సిందే. అందుకే వెనక చక్రాల పని అయ్యాకే ముందు చక్రాలకు వస్తాం. వాటికి కూడా క్యాంబర్, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) కుదిరాకే టో. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

అపోహ: మెషిన్‌లో నంబర్లన్నీ ఆకుపచ్చగా వస్తే (హద్దుల్లో ఉంటే) పని అయిపోయినట్టే.

వాస్తవం: దాదాపు 30 ఏళ్లు, అంతకు మించి తిరిగిన బండి విషయంలో నేను నమ్మని మాట ఇదే. ఒక్కో లోయర్ ఆర్మ్‌కు రెండు చొప్పున మొత్తం 8 క్యామ్ బోల్టులు ఉంటాయి. ఒక్కో దానికీ గీతలు కొట్టిన బిళ్ల ఉంటుంది. బోల్టు తిప్పితే బిళ్ల తిరిగి ఆర్మ్‌ను లోపలికో బయటికో నెడుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ తుప్పుకి బోల్టు, బుష్ (ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు) లోపలి ఇనుప గొట్టం ఒకటిగా పట్టేస్తాయి. స్పేనర్ వేస్తే బోల్టు తిరిగినట్టే కనిపిస్తుంది కానీ మెలిపడేది రబ్బరు. స్పేనర్ వదలగానే గీత వెనక్కి జారడం కళ్లారా చూడొచ్చు. అలాగే అదిమి బిగించి ప్రింటౌట్ చేతికిస్తే, కొన్నాళ్లకు రబ్బరు చిరిగి ఎక్కడి గొంగళి అక్కడే. ముందు పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి నాననివ్వాలి. అప్పటికీ కదలకపోతే బోల్టు కోసి, కొత్త బుష్ వేయాలి. ఖర్చే, కానీ వేరే దారి లేదు. కొత్త రబ్బరు బుష్‌లను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది.

అపోహ: బండి పక్కకు లాగుతోందంటే ముందు చక్రాల టో పోయినట్టే.

వాస్తవం: టో తేడా వస్తే టైరు అరుగుతుంది, స్టీరింగ్ వంకరవుతుంది. లాగడానికి కారణం ఎక్కువగా కుడి ఎడమల క్యాంబర్ లేదా క్యాస్టర్ తేడా, టైరు లోపం, లేదంటే పట్టేసిన బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం). ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుదే. ఇక్కడి రోడ్లు చాలావరకు కుడి అంచుకు వాలుగా ఉంటాయి కాబట్టి కుడికి కాస్త జరిగితే టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: లోపలి అంచు అరిగిందంటే నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఎక్కువైంది.

వాస్తవం: టైరును వేగంగా తినేసేది టోనే. ట్రెడ్ మీద అడ్డంగా అరచెయ్యి రాయండి. ఒకవైపు రాస్తే నున్నగా, తిరిగి రాస్తే రంపం పళ్లలా తగిలితే టో చూడాలి.

హైవే వేగంలో స్టీరింగ్ వణికితే మాత్రం అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టకండి, ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి.

ఇంకొకటి, తొలినాళ్ల మియాటా బరువు టన్ను లోపే. ఇంత తేలిక బండిలో డ్రైవర్ కూర్చుంటేనే కొలతలు మారతాయి. సీట్లో మీ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు పెట్టి చూడమని అడగండి. కొందరు విసుక్కుంటారు, అయినా అడగండి.