కేబినెట్ జివ్వుమంటోందా? ఇంటి కంప్యూటర్ల గురించి అపోహలు - వాస్తవాలు

గత నెల నల్లకుంట నుంచి మియాపూర్‌కు ఇల్లు మారాం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉండటం మాకు ఇష్టం లేక, తననూ మాతోనే తెచ్చుకున్నాం. పందొమ్మిదేళ్లుగా ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగు చేయడమే నా వృత్తి. పని నేర్చుకున్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో. కొత్త ఫ్లాట్‌లో సామాన్లు విప్పి బిగిస్తుంటే అమ్మ, అక్క, పక్కింటాయన అడిగినవన్నీ నేను కస్టమర్ల ఇళ్లలో రోజూ వినే మాటలే. వాటిలో కొన్ని డబ్బు దండగ చేస్తాయి. ఒకటి ప్రాణం మీదికి తెస్తుంది. ఒకటి మా నాన్న గొంతు మాకు మళ్లీ వినపడకుండా చేయబోయింది.

అపోహ: ముట్టుకుంటే కంప్యూటర్ కేబినెట్ కొంచెం జివ్వుమనడం మామూలే, చెప్పులేసుకుంటే చాలు

వచ్చిన రెండో రోజే అమ్మ తడిగుడ్డతో బల్ల తుడుస్తూ "ఒరేయ్, ఇది జివ్వుమంటోందిరా" అంది. ఆ మాట వినగానే మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లాను.

కంప్యూటర్‌ లోపల అన్ని భాగాలకూ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టెలో, ఆ కరెంటును శుభ్రం చేయడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, రెండోది న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య. వాటి గుండా కొద్దిగా కరెంటు కారుతూనే ఉంటుంది. ఎర్త్ బాగుంటే అది నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఎటూ పోలేక కేబినెట్ రేకు మీదే నిలుస్తుంది. అప్పుడు మీటర్ పెట్టి చూస్తే 230లో సగం, అంటే 115 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తుంది. జివ్వుమనేది అదే. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా మనిషికి ఏమీ కాదు. కానీ మీ ఇంట్లో ఎర్త్ లేదని అది చెబుతోంది. రేపు గీజర్‌లోనో వాషింగ్ మెషీన్‌లోనో నిజంగా వైరు తెగి రేకుకు తగిలితే, అదే లోపం ప్రాణం తీస్తుంది. చెప్పులు వేసుకున్నా, స్టెబిలైజర్ కొన్నా ఆ లోపం పోదు.

మూడు పిన్నుల ప్లగ్‌లో పైన ఉండే లావు పిన్ను ఎర్త్‌ది. సాకెట్‌లోకి ముందు అదే తగలాలని దాన్ని పొడుగ్గా చేస్తారు. రెండు పిన్నుల కన్వర్టర్ పెడితే దాన్ని తీసేసినట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూడమనండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత చూపిస్తుందో, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే చూపించాలి. మా కొత్త ఫ్లాట్‌లో బల్ల దగ్గరి సాకెట్‌కు ఎర్త్ వైరే కలపలేదు. అరగంట పని. కొందరు సాకెట్ లోపలే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపి చేతులు దులుపుకుంటారు. దయచేసి దానికి మాత్రం ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, ఆ సాకెట్‌కు తగిలించిన వస్తువు రేకు మొత్తం 230 వోల్టులకు చేరుతుంది. కరెంటు కారితే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, అంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేని ఇల్లయితే ఆ పని కూడా అప్పుడే చేయించుకోండి.

అపోహ: నెట్ స్లోగా ఉంటే పెద్ద ప్లాన్ తీసుకోవాలి

పక్కింటాయన 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా బెడ్‌రూమ్‌లో వీడియో ఆగిపోతోందని బాధపడ్డారు. వెళ్లి చూస్తే రూటర్ టీవీ వెనక, చెక్క అల్మరాలో, చేపల తొట్టి పక్కన ఉంది. నీళ్లు, ఇనుము, అద్దం, కాంక్రీటు గోడ అన్నీ వైఫై సిగ్నల్‌ను అడ్డుకునేవే. రూటర్‌ను హాల్లో తలెత్తు గోడ మీదికి మార్చి, డెస్క్‌టాప్‌కు ల్యాన్ కేబుల్ లాగాను. అదే ప్లాన్‌తో ఇప్పుడు ఇబ్బంది లేదు.

వైఫై పేరు చివర 5జీ అని ఉంటే అది మొబైల్ 5జీ అనుకునేవాళ్లు చాలామంది. అది 5 గిగాహెర్ట్జ్ అని మాత్రమే. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగానే దాటుతుంది కానీ, అందులో ఒకదాన్నొకటి తాకని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. యాభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో అందరి రూటర్లూ ఆ మూడింటి మీదే పడతాయి. అందుకే రూటర్ ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడమంటాను. ఇంకో మాట. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 100 ఎంబీపీఎస్‌ను 8తో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ వస్తుంది. కంపెనీ మోసం చేసిందని గొడవ పడేముందు ఈ లెక్క వేసుకోండి.

అపోహ: యూపీఎస్ ఉంటే గంటసేపు పని చేసుకోవచ్చు

ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. డెస్క్‌టాప్, మానిటర్ కలిపి వాడితే పదిహేను, ఇరవై నిమిషాలు వస్తే అదృష్టం. పని సేవ్ చేసి, పద్ధతిగా షట్‌డౌన్ చేసుకోవడానికే అది. రెండు మూడేళ్లకు బ్యాటరీ మార్చాల్సిందే. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, అందులోని హీటర్ లాగే కరెంటును అది తట్టుకోలేదు. ఏప్రిల్, మే గాలివానలకు కరెంటు పోయినా నెట్ ఉండాలంటే రూటర్‌కు విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి. రూటర్ తినేది పది, పన్నెండు వాట్లే కాబట్టి చాలాసేపు వస్తుంది.

ఇక చిన్నవి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొడితే కంప్యూటర్ వేగం పెరగదు, ఐకాన్లు మళ్లీ గీస్తుంది, అంతే. ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జ్ చేయాలన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీకి సున్నాకు దిగడమే చెడు, వేడి అంతకన్నా చెడు. మన ఎండాకాలంలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడకండి.

అపోహ: పాత ల్యాప్‌టాప్ స్లో అయితే ఫార్మాట్ కొట్టిస్తే సరి

నాన్న ల్యాప్‌టాప్‌లో ఐదొందల జీబీ హార్డ్‌డిస్క్ ఉండేది. రిటైరయ్యాక ఆయన దాని ముందు కూర్చుని పద్యాలు పాడి రికార్డు చేసుకునేవారు. ఆయన పోయాక దాన్ని వరంగల్‌లో ఉండే అక్క తీసుకెళ్లింది. బాగా స్లోగా ఉందని ఒక షాపులో ఇస్తే, లోపల ఏముందో అడగకుండానే ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసి ఇచ్చారు. రాత్రి అక్క ఫోన్ చేసి ఏడుస్తూ చెబుతుంటే నాకూ మాట రాలేదు. కాసేపటికి తేరుకుని ఒకటే చెప్పాను: "అక్కా, దాన్ని మళ్లీ ఆన్ చేయకు." మర్నాడు బస్సులో తీసుకొచ్చింది.

హార్డ్‌డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ చేస్తే పోయేది విషయసూచిక లాంటిదే. పుటలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. విండోస్ రాసినంత మేర పోయింది, మిగతా డిస్క్ చెక్కుచెదరలేదు. డిస్క్ విప్పి, ముందు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేశాను. ఆ కాపీ మీద ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాను. రాత్రంతా పట్టింది. ఫైళ్ల పేర్లు, తేదీలు పోయాయి. ఇరవై మూడు రికార్డింగులు దొరికాయి, వాటిలో నాలుగు మధ్యలో తెగిపోయాయి. పొద్దున్నే మొదటిది ప్లే చేస్తే ముందు నాన్న దగ్గు, తర్వాత ఆయన గొంతు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

అందులో హార్డ్‌డిస్క్ బదులు, తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ ఉండి ఉంటే అవి ఇలా తిరిగి దొరికేవి కాదు. ఎస్‌ఎస్‌డీలో ఫైలు తీసేసినా, ఫార్మాట్ చేసినా, ట్రిమ్ అనే పద్ధతి ప్రకారం ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కు చెబుతుంది, డ్రైవ్ తీరిక చూసుకుని దాన్ని తుడిచేస్తుంది. అలా తుడిచాక సాఫ్ట్‌వేర్లతో తిరిగి తేలేం. అలాగని ఎస్‌ఎస్‌డీ వద్దనడం లేదు. ల్యాప్‌టాప్ స్లో కావడానికి అసలు కారణం చాలాసార్లు నిమిషానికి 5400 సార్లు తిరిగే ఆ పాత డిస్కే. దాన్ని మారిస్తే పాత ల్యాప్‌టాప్ కూడా లేచి నడుస్తుంది. డేటా తీసి పెట్టుకున్నాకే మార్చండి. హార్డ్‌డిస్క్ టక్ టక్ అని చప్పుడు చేస్తుంటే మాత్రం ఏ ప్రోగ్రామూ నడపకుండా ఆపేసి, రికవరీ ల్యాబ్‌కే ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందనే మాట నమ్మకండి, లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది.

నాన్న ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేశాను. ప్రాసెసర్ పాతది కావడంతో విండోస్ 11 పడదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి అమ్మకు ఇచ్చాను. పొద్దున్నే తెలుగు పేపర్లు అందులోనే చదువుతోంది.

అపోహ: ఫొటోలన్నీ గూగుల్‌లో ఉన్నాయి, ఇక బ్యాకప్ ఎందుకు

అక్క అడిగింది ఇదే. గూగుల్ ఫొటోస్ చాలా మంచి సదుపాయం, నేనూ వాడతాను. కానీ అది ఫోన్‌తో ముడిపడి ఉంటుంది. ఫోన్ నిండిందని ఆ యాప్‌లోనే ఫొటో డిలీట్ చేస్తే ఆన్‌లైన్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో బిన్‌లో 60 రోజులుంటుంది, ఆ తర్వాత రాదు. ఫోన్‌లో మాత్రమే చోటు ఖాళీ చేసే ఆప్షన్ వేరే ఉంది, దాన్నే వాడాలి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కూ డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపే. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. అది నిండిన రోజు నుంచి కొత్త ఫొటోలు బ్యాకప్ కావు. నోటిఫికేషన్ వచ్చినా మనం చదవం.

అందుకే ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలంటాను: వాడుకునే కంప్యూటర్‌లో, విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో. నాన్న రికార్డింగులకు నేనే పేర్లు పెట్టాను. ఏ పద్యం ఏదో అమ్మ విని చెబుతుంటే టైప్ చేశాను. ఒక డిస్క్ బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉంది. రెండోది వరంగల్‌లో అక్క దగ్గర. బతుకమ్మ పండక్కి వెళ్లినప్పుడు దానికి కొత్త ఫొటోలు కలిపి వస్తాను.