సంతకం పెట్టగానే సుంకం తగ్గదు: ఎఫ్‌టీఏల మీద అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో కస్టమ్స్ బ్రోకర్‌గా పనిచేస్తున్నాను. ఏదో ఒక ఎఫ్‌టీఏ (దేశాలు ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తగ్గించుకునే వాణిజ్య ఒప్పందం) మీద సంతకాలైనట్టు టీవీలో వస్తే చాలు, మర్నాడు పొద్దున్నే జీడిమెట్ల నుంచో బాలానగర్ నుంచో ఫోన్ వస్తుంది: "అన్నా, సంతకాలైపోయినయ్ గదా, ఇగ డ్యూటీ తగ్గినట్టేనా?" 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైనప్పుడూ ఇదే ప్రశ్న. రెండు దేశాల ఒప్పందానికే ఇలా ఉంటే, పది పదిహేను దేశాలు కలిసి చేసుకునేవాటిలో తికమక ఇంకా ఎక్కువ. చిన్న వ్యాపారుల డబ్బు పోయేది అక్కడే, అందుకే రాస్తున్నా.

అపోహ: సంతకం చేసిన రోజు నుంచే అమలు.

వాస్తవం: సంతకమంటే లగ్నపత్రిక రాసుకున్నట్టు, పెళ్లి ఇంకా కాలేదు. తర్వాత ఒక్కో దేశం తన పద్ధతిలో ఆమోదించి ఆ పత్రాన్ని దాఖలు చేయాలి. ఎంతమంది దాఖలు చేస్తే మొదలవుతుందో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి), చైనా, జపాన్ లాంటి దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ మీద 2020 నవంబర్ 15న 15 దేశాలు సంతకం చేశాయి. కనీసం ఆరు ఆసియాన్ దేశాలు, మూడు బయటి దేశాలు పత్రాలివ్వాలి, ఆపైన 60 రోజులు ఆగాలి. అదంతా అయ్యేసరికి 2022 జనవరి 1 వచ్చింది.

ఈ షరతు ఎలా రాసుకుంటారన్నది చాలా ముఖ్యం. 2016లో 12 దేశాలు సంతకం చేసిన టీపీపీ అనే పసిఫిక్ తీర దేశాల వాణిజ్య ఒప్పందంలో, ఆమోదించిన దేశాల జీడీపీ కలిపితే 12 దేశాల మొత్తం జీడీపీలో కనీసం 85 శాతం ఉండాలన్నారు. 2017 జనవరిలో అమెరికా తప్పుకుంది, అది లేకుండా 85 శాతం రాదు, ఒప్పందం అక్కడే ఆగిపోయింది. మిగిలిన 11 దేశాలు జీడీపీ షరతు తీసేసి, ఆరు దేశాలు ఆమోదిస్తే చాలని రాసుకుని 2018 మార్చి 8న మళ్లీ సంతకం చేస్తే, అదే ఏడాది డిసెంబర్ 30న సీపీటీపీపీగా అమల్లోకి వచ్చేసింది.

అపోహ: మొదలైతే అందరికీ ఒకేసారి మొదలవుతుంది.

వాస్తవం: ఇది నేను కళ్లారా చూసిన దెబ్బ. ఆసియాన్‌తో మన సరుకుల ఒప్పందం 2010 జనవరి 1న మొదలైంది, కానీ ఆ రోజు అమలైంది మలేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతోనే. ఆ వేసవిలో ఒక క్లయింట్ ఇండోనేషియా నుంచి కంటైనర్ తెప్పించారు. సనత్‌నగర్ ఐసీడీకి (కంటైనర్లకు కస్టమ్స్ తనిఖీ జరిగే డ్రై పోర్టుకు) సరుకు వచ్చాక మా ఆఫీసుకు వచ్చి, ఇన్వాయిస్ వెనకాల పెన్సిల్‌తో వేసుకున్న డ్యూటీ లెక్క చూపించారు. తగ్గిన సుంకం నమ్ముకుని అమ్మకం ధర కూడా ముందే ఖాయం చేసుకున్నారాయన. ఇండోనేషియాతో అమలు అక్టోబర్ 1 నుంచి, అప్పటిదాకా మామూలు డ్యూటీయే అని చెప్తే, "మరి ఆసియాన్ దేశమే కదా సార్?" అన్నారు. టీ చల్లారిపోయింది, ఆయన ముట్టుకోలేదు. ఫిలిప్పీన్స్‌తో అయితే 2011 మే దాకా పట్టింది. ఆర్‌సెప్‌లోనూ అంతే, కొరియాకు 2022 ఫిబ్రవరి, ఇండోనేషియాకు 2023 జనవరి, ఫిలిప్పీన్స్‌కు 2023 జూన్.

ఆఫ్రికా దేశాల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం 2019 మే 30న అమల్లోకి వచ్చినా, దాని కింద వ్యాపారం లాంఛనంగా మొదలైంది 2021 జనవరి 1న.

అపోహ: కొత్త దేశం దరఖాస్తు పెడితే చేరినట్టే.

వాస్తవం: లోపలున్న ప్రతి దేశం ఒప్పుకోవాలి, సుంకాల జాబితాలు బేరమాడాలి, ఆ తర్వాత మళ్లీ ఆమోదాల వరస. బ్రిటన్ సీపీటీపీపీకి 2021 ఫిబ్రవరి 1న దరఖాస్తు పెడితే సంతకానికి 2023 జూలై, అమలుకు 2024 డిసెంబర్ 15 వచ్చాయి. ఆ రోజుకీ కెనడా, మెక్సికో ఆమోదించలేదు కాబట్టి ఆ రెండింటితో బ్రిటన్‌కు ఒప్పందం మొదలవ్వలేదు. చైనా, తైవాన్ 2021 సెప్టెంబర్‌లో వారం తేడాతో దరఖాస్తు పెట్టాయి, ఇద్దరినీ లోపలికి తేవాలంటే అందరి సమ్మతి కావాలి, అది ఎంత కష్టమో ఊహించుకోండి.

మన సంగతి కూడా అడుగుతుంటారు. 2019 నవంబర్‌లో ఆర్‌సెప్ చర్చల నుంచి బయటికొచ్చాం. మిగతా బయటి దేశాలు ఆర్‌సెప్ అమలైన 18 నెలల తర్వాతే చేరడానికి అడగొచ్చు, ఇండియాకు మాత్రం ఆ ఆగుడు లేదు. కానీ తలుపు తెరిచి ఉంచడం వేరు, షరతులు కుదరడం వేరు. పాత ముసాయిదా మీద సంతకం పెట్టేసి లోపలికెళ్లడం కుదరదు.

అపోహ: పార్లమెంటులో ఓటింగ్ అయితేనే మనకు అమలు.

వాస్తవం: అక్కర్లేదు, కేంద్ర కేబినెట్ ఆమోదం సరిపోతుంది. నాకు కావాల్సింది మాత్రం సుంకం తగ్గిస్తూ కస్టమ్స్ చట్టం 1962 సెక్షన్ 25 కింద వచ్చే నోటిఫికేషన్. ఆర్డర్ పెట్టే ముందు అందులో ఆ దేశం పేరుందా, మీ సరుకు హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకానికి ఇచ్చే నంబర్) ఉందా, ఏ తేదీ నుంచి అని చూడండి. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం) చేతిలో ఉంటే పనైపోయిందనుకోకండి, 2020 సెప్టెంబర్ 21 నుంచి సరుకు నిజంగా అక్కడే తయారైందని చూపే వివరాలు దిగుమతిదారు దగ్గరే ఉండాలి, అవి ఐదేళ్లు దాచాలి. సప్లయర్‌ను ఆ కాగితాలు ఆర్డర్ పెట్టేటప్పుడే అడగండి, కంటైనర్ వచ్చాక అడిగితే చాలామంది ఫోన్ ఎత్తరు.